ప్రాగ్‌లో ఒక్క రోజు: అన్నీ చుట్టేద్దామా, ఒక్కచోట ఆగుదామా?

(బస్ టూర్ వాళ్ళు నిన్న రాత్రి ప్రాగ్‌లో దింపేసి వెళ్ళిపోయారు. రేపు పొద్దున రైల్లో వియన్నా వెళ్ళి ఇంకో గ్రూప్‌లో కలవాలి. చేతిలో ఉన్నది ఈ శుక్రవారం ఒక్కటే. హోటల్లో టిఫిన్ తింటూ అక్కా తమ్ముళ్ళ వాదన.)

తమ్ముడు: అక్కా, తొందరగా కానియ్యి. 22 నంబర్ ట్రామ్ ఎక్కితే కోట దగ్గర దిగుతాం, అక్కణ్ణించి అంతా దిగుడే, చార్లెస్ బ్రిడ్జి దాటి ఓల్డ్ టౌన్ స్క్వేర్‌కి వచ్చి గంట కొట్టే టైముకి ఆ పాత గడియారం ముందు నిలబడదాం, సాయంత్రం వల్తావా నదిలో పడవ. అన్నీ అయిపోతాయి.

అక్క: అయిపోతాయి అంటున్నావు చూడు, అదే నాకు నచ్చట్లేదు. ఇన్నాళ్ళూ బస్సు దిగడం, ఫొటో తీయడం, బస్సెక్కడం, ఇదే కదరా చేశాం. ఇవాళ తరిమేవాళ్ళు ఎవరూ లేరు. నేను పింకస్ సినగాగ్‌కి, అదే ఆ పాత యూదుల గుడికి వెళ్తా, పక్కనే ఉన్న పాత యూదుల శ్మశానం చూస్తా, అంతే.

తమ్ముడు: సెలవుకి ఇంత దూరం వచ్చి శ్మశానమా? వీసాకి ఎంత తిరిగాం, ఎంత ఖర్చు పెట్టాం, మళ్ళీ వస్తామా అసలు? కోటలో ఉన్న సెయింట్ విటస్ కెథడ్రల్, ఆ పెద్ద చర్చి, 1344లో మొదలుపెడితే 1929కి గానీ పూర్తవ్వలేదు. దాని లోపలికి అడుగు పెట్టకుండా వెళ్ళిపోతావా?

అక్క: ఆ పింకస్ గోడల మీద ఏముందో తెలుసా? నాజీలు పొట్టన పెట్టుకున్న ఈ చెక్ దేశపు బొహీమియా, మొరావియా ప్రాంతాల యూదుల పేర్లు, దాదాపు 78,000. చేత్తో రాశారు. ఊరి పేరు, ఇంటిపేరు, దాని కింద ఆ ఇంటివాళ్ళందరూ వరసగా, పుట్టిన తేదీ, చివరిసారి బతికున్నట్టు తెలిసిన తేదీ. ఎర్ర అక్షరాలు, నల్ల అక్షరాలు, నేల దగ్గర్నుంచి పై దాకా. 1950ల్లో రాశారు, 1968 తర్వాత ప్రభుత్వం మూసేసింది, చెమ్మ పేరు చెప్పి పేర్లు తీసేశారు, 1990ల్లో మళ్ళీ మొత్తం కూర్చుని రాశారు. అలాంటి గోడని పది నిమిషాల్లో చూసి రాలేను నేను.

తమ్ముడు: ఆ పేర్లు నెట్‌లో కూడా ఉంటాయి కదక్కా. అయినా యుద్ధం సంగతి అక్కడొక్కచోటే ఉందా? నేను చెప్పే గడియారం టౌన్ హాల్ గోడకి ఉంది, 1410 నాటిది, 1945 మేలో జర్మన్లు టౌన్ హాల్ తగలబెడితే గడియారంలో గంటకోసారి తిరిగే చెక్క అపొస్తలుల బొమ్మలు, అదే యేసు శిష్యుల బొమ్మలు, కాలిపోయాయి, 1948కి మళ్ళీ నడిపించారు. కాలిపోయిన టౌన్ హాల్ భాగం ఇప్పటికీ కట్టలేదు, ఆ జాగాలో గడ్డి ఉంటుంది. అదీ చరిత్రే. చచ్చిపోయినవాళ్ళనే కాదు, ఊరు మళ్ళీ ఎలా నిలబడిందో కూడా చూడాలి.

అక్క: అది మాత్రం బాగా చెప్పావు, ఆ ఖాళీ జాగా నాకూ చూడాలనుంది. కానీ గడియారం ముందు నిలబడితే బొమ్మలు తిరిగేది నిమిషం లోపే, ఆ నిమిషమూ అందరి ఫోన్లూ పైకే లేచి ఉంటాయి. పింకస్ మేడ మీద పిల్లల బొమ్మలున్నాయి, నాజీలు యూదుల్ని బంధించిన టెరెజిన్ ఘెట్టోలో ఉన్న పిల్లలు వేసినవి. ఫ్రీడల్ డికర్ బ్రాండైస్ అని ఒక ఆర్టిస్టు వాళ్ళకి రహస్యంగా బొమ్మలు నేర్పింది, తనని ఆష్విట్జ్ మరణ శిబిరానికి పంపేముందు దాదాపు 4,500 బొమ్మలు రెండు సూట్‌కేసుల్లో సర్ది దాచిపెట్టి వెళ్ళింది, మళ్ళీ రాలేదు. ఆ పిల్లల్లో చాలామంది కూడా రాలేదు. వాటి ముందు నుంచి కూడా టైం చూసుకుంటూ నడవమంటావా?

తమ్ముడు: లేదు. కానీ పొద్దున్నే అవన్నీ చూసి, ఆ తర్వాత బ్రిడ్జి మీద నవ్వుతూ ఫొటోలు దిగగలవా నువ్వు?

అక్క: దిగలేను, దిగను. దిగకపోతే ఏం పోతుంది?

తమ్ముడు: అమ్మ అడుగుతుందిగా.

అక్క: అమ్మకి నేను చెప్తాలే. చూడు, రేపు శనివారం, పింకస్ మూసేస్తారు. బ్రిడ్జికి గేటే లేదు, కోట ఆవరణలో రాత్రి దాకా తిరగొచ్చు.

తమ్ముడు: ఆవరణ సరే, విటస్ లోపలికి సాయంత్రం రానివ్వరు కదా.

అక్క: రానివ్వరు. నేను విటస్ లోపల చూడకుండానే వియన్నా వెళ్తా, నాకేం బాధ లేదు. నీకు కావాలంటే నువ్వు ట్రామెక్కు, ఆరింటికి బ్రిడ్జి ఓల్డ్ టౌన్ వైపు టవర్ కింద కలుద్దాం. నాతో వస్తే మాత్రం టోపీ తెచ్చుకో, అక్కడ మగవాళ్ళు తల కప్పుకోవాలి, ఇంకెంతసేపు అని నన్ను అడక్కూడదు.