నూటికి తొంభై తొమ్మిది వచ్చే ప్రాచీన విద్య

ప్రాచీన విద్య అంతరించిపోతోందని గుండెలు బాదుకునే పెద్దలు, ఇంటర్ అడ్మిషన్ల రోజుల్లో ఏదైనా కార్పొరేట్ కాలేజీ కౌంటర్ దగ్గర కాసేపు నిలబడాలి. "సెకండ్ లాంగ్వేజ్?" అని అడుగుతుంది లోపలి అమ్మాయి. పిల్లవాడు నోరు తెరిచేలోపే తండ్రి "సాంస్క్రిట్ అండీ" అంటాడు. కొడుకును వేదపాఠశాలలో చేర్చే సోమయాజి గొంతులో కూడా అంత నిశ్చయం ఉండదు.

"అయితే పిల్లాడికి సంస్కృతం వస్తుందా?" అని కొందరు వంకలు పెడతారు. వీళ్లకు చరిత్ర తెలియదు. పూర్వం రామ శబ్దం, అమరకోశం నోటికి వచ్చాక గానీ కావ్యం ముట్టుకోనిచ్చేవారు కాదు. పదేళ్లు నానా తిప్పలు పడితే చివరికి కుర్రవాడికి సంస్కృతం వచ్చేది తప్ప మార్కులు వచ్చేవి కావు. ఆ లోపాన్ని మనవాళ్లు సరిదిద్దారు.

ఎలా సరిదిద్దారో చూడాలంటే ఆ స్పైరల్ బైండింగ్ మెటీరియల్ తిరగెయ్యాలి. శ్లోకం తెలుగు లిపిలో ఉంటుంది, కాబట్టి దేవనాగరి బెడద లేదు. కింద సారాంశం ఇంగ్లీషులో ఉంటుంది, పెద్ద ప్రశ్నకు జవాబు ఆ భాషలో రాసినా చెల్లుతుంది కనుక. పక్కన పెన్నుతో స్టార్లు. మూడు స్టార్లంటే బట్టీ పట్టాల్సిందే. ఒక్క స్టారే ఉంటే కాళిదాసుదైనా సరే, వదిలెయ్యొచ్చు. మల్లినాథుడు సంస్కృతంలోని ఐదు మహాకావ్యాలకూ వ్యాఖ్యానాలు రాశాడు గానీ, ఈ స్టార్ల పద్ధతి ఆయనకు తట్టలేదు పాపం.

ఇక గురుకుల వాతావరణం అంటారా? కాలేజీ హాస్టల్లో తెల్లవారక ముందే లేపుతారు. ఫోను ఉండదు, ఆట ఉండదు. అమ్మానాన్నలు ఎప్పుడో ఒక ఆదివారం ఆవకాయ సీసాతో వచ్చి గేటు దగ్గర చూసి వెళ్తారు. ఇంత కఠిన బ్రహ్మచర్యం ఏ ఋష్యాశ్రమంలో ఉంది? గురుదక్షిణ విషయంలో మాత్రం కాలానికి తగ్గ మార్పు చేశారు. ఏకలవ్యుడు ఒక్కసారి బొటనవేలిచ్చి బయటపడ్డాడు. ఈనాటి తండ్రి టర్ముకింత చొప్పున ఇచ్చుకుంటాడు.

ఫలితం కళ్లముందే ఉంది. తెలంగాణలో ఎంపీసీ మొదటి ఏడాది మొత్తం 470 మార్కులు. అందులో నిండా వంద సెకండ్ లాంగ్వేజ్‌వే, ఫిజిక్సు 60తోనే ఆగిపోయింది. అంటే న్యూటన్ కన్నా కాళిదాసు నలభై మార్కులు ఎక్కువన్నమాట. ప్రాచీన విద్యకు ఇంతకు మించిన గౌరవం ఏ దేశంలో ఉందో చెప్పండి.

మధ్యలో తెలుగువాళ్ల గోల ఒకటి. 2008లో మన తెలుగుకూ ప్రాచీన హోదా వచ్చిందనీ, 2018 చట్టంతో తెలంగాణ బడుల్లో పదో తరగతి దాకా తప్పనిసరి చేశారనీ, తీరా ఇంటర్ గడప తొక్కగానే పిల్లలు దాన్ని వదిలేస్తున్నారనీ వాళ్ల బాధ. తప్పు తెలుగుదే. అది పిల్లలకూ వచ్చు, పేపరు దిద్దే మాస్టారికీ వచ్చు. ఒత్తు పోయిందనీ, దీర్ఘం తప్పిందనీ ఆయన ఇట్టే పట్టేసి అరమార్కు అరమార్కుగా కోసేస్తాడు. మార్కులు రావాలంటే ఇంట్లో ఎవరూ మాట్లాడని భాషే క్షేమం. ఈ లెక్కన మరో పాతికేళ్లు ఓపిక పడితే తెలుగుకూ ఆ అర్హత వస్తుంది. అప్పుడు మన పిల్లలూ ఎగబడి తీసుకుంటారు.

అంతదాకా ఆగలేని వారి కోసం ఒక సూచన చేస్తున్నాను. ఛందస్సును ఆబ్జెక్టివ్ పద్ధతిలోకి మార్చాలి. ఉత్పలమాలకు యతి పదో అక్షరం, చంపకమాలకు పదకొండు, శార్దూలానికి పదమూడు, మత్తేభానికి పద్నాలుగు. భగవంతుడు ఆప్షన్లు కూడా సరిగ్గా నాలుగే ఇచ్చాడు. పది, పదకొండు, పదమూడు, పద్నాలుగు అని ఒక షార్ట్‌కట్ నేర్పిస్తే చాలు, ఓఎమ్మార్ షీటు మీద పిల్లవాడు అరనిమిషంలో నాలుగూ దిద్దేస్తాడు. ఇక పాఠ్యపుస్తకంలో పద్యం ఉండాల్సిన పని లేదు. అక్కడ ఖాళీ అయిన చోట టాపర్ల ఫొటోలు వేసుకోవచ్చు.