గుడ్డ ప్యాడ్ల మీద తిరుగుతున్న ఆ మెసేజ్‌లో ఏది తప్పు, ఏది కాస్త నిజం

ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు మన తెలుగు గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. నెలసరికి పెట్టుకుని, ఉతికి మళ్లీ వాడే గుడ్డ ప్యాడ్లతో గర్భసంచి మూతి క్యాన్సర్ వస్తుందట, ఇన్ఫెక్షన్లు వస్తాయట, అవి లీకవుతాయట, డబ్బు దండగట, తప్పక వాడితే మరుగుతున్న నీళ్లలో వెయ్యాలట. అది చదివి మంచి ప్యాడ్లు పారేసినవాళ్లు కూడా ఉన్నారు, అందుకే ఇంత రాస్తున్నా.

ముందు క్యాన్సర్ సంగతి, అందరూ హడలిపోయింది దానికే కదా. ఈ గర్భసంచి మూతి (గర్భాశయ ముఖద్వార) క్యాన్సర్‌కి దాదాపు అన్ని కేసుల్లోనూ కారణం హెచ్‌పీవీ అనే వైరస్, అది శారీరక సంబంధం వల్ల అంటుకుంటుంది, ఒంట్లో ఏళ్ల తరబడి ఉండిపోతే క్యాన్సర్‌గా మారొచ్చు. గుడ్డ వల్లే ఆ క్యాన్సర్ వస్తుందని రుజువేమీ లేదు. అమ్మాయిలకి టీకా ఉంది, పెద్దవాళ్లకి పరీక్ష ఉంది, ఆ రెండు మాటలు రాసుంటే ఎంతమందికి మేలయ్యేది!

ఇన్ఫెక్షన్ మాట మాత్రం ఒట్టి అబద్ధం అనను. మన ఒడిశాలోనే, భువనేశ్వర్, రూర్కెలా ఆసుపత్రులకొచ్చిన 486 మంది ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనం 2015లో అచ్చయింది, మళ్లీ వాడే గుడ్డలు పెట్టుకునేవాళ్లలో ఇన్ఫెక్షన్లు ఎక్కువే కనిపించాయి. కానీ 2018లో వచ్చిన ఇంకో ఒడిశా అధ్యయనం కూడా చదవాలి, గుడ్డ వాడేవాళ్లలోనే ఇంటి లోపల ఆరేసినవాళ్లకీ బాత్రూంలో దాచుకున్నవాళ్లకీ క్యాండిడా అనే ఫంగస్ ఎక్కువని తేలింది. మరి మన ఇళ్లల్లో జరిగేది అదే కదా అప్పా, మావయ్యగారు చూస్తారని, మరిది చూస్తాడని తలుపు చాటునో, తడి చీర కిందో, మంచం వెనకో ఆరేస్తాం, సగం తడితోనే మడిచి మూల పెట్టేస్తాం, మళ్లీ నెల అదే తీసి పెట్టుకుంటాం. గుడ్డకి ఎండా గాలీ తగలనివ్వకుండా గుడ్డది తప్పంటే ఎలా? దండెం మీద అందరి బట్టలతో పాటు ఎండలో వెయ్యండి, చూసినవాళ్లు చూస్తారు. నాలుగైదు గంటలకోసారి మార్చండి, తడి పొద్దంతా ఒంటికి అంటుకునుంటే వాడి పారేసే ప్యాడైనా దురదే.

మరుగు నీళ్ల సలహా అయితే తిరగబడ్డ సలహా. రక్తం మరక వేడి తగిలితే దారానికి పట్టేసుకుంటుంది. ముందు చన్నీళ్లలో నానబెట్టి, ఎర్ర నీళ్లు పోయేదాకా జాడించి, తర్వాత మామూలు సబ్బు పెట్టండి. మెత్తగా ఉంటాయని కంఫర్ట్ లాంటివి పొయ్యొద్దు, గుడ్డ పీల్చుకోవడం తగ్గిపోతుంది.

వానాకాలంలో రోజుల తరబడి ఎండ మొహం కనపడదు, ఇది నిజమైన కష్టమే. దానికే ప్యాడ్ కొనేటప్పుడు విప్పితే పల్చగా పరుచుకునే రకం చూసుకోండి, కుట్టేసిన దళసరి ప్యాడ్ కన్నా తొందరగా ఆరుతుంది. అప్పటికీ చెమ్మ ఉంటే ఆ రోజుకి వాడి పారేసే మామూలు ప్యాడ్ పెట్టుకోండి, అందులో తప్పేముంది, రెండూ వాడుకోవచ్చు.

లీకవుతాయంటే, పైన కాటన్, మధ్యలో పీల్చే పొరలు, కింద నీళ్లు దిగని పొర, రెక్కలకి గట్టి బటన్లు ఉన్నాయో లేదో చూసి కొనండి. ఒంటికి తగిలేవైపు జారే పాలిస్టర్ ఉంటే వద్దు. వీటికి ఐఎస్ 17514 అని 2021లో మన దేశపు ప్రమాణం కూడా వచ్చింది, అమ్మేవాళ్లని అడగండి.

డబ్బు లెక్క మీరే వేసుకోండి. వాడి పారేసే ప్యాడ్ ఆరు రూపాయలనుకుని నెలకి ఇరవై వాడితే ఏడాదికి 1440. గుడ్డవి రెండొందల చొప్పున ఆరు కొంటే 1200, అవి రెండో ఏడూ పనికొస్తాయి. ఒడిశా ప్రభుత్వం ఖుషీ పథకంలో స్కూలు ఆడపిల్లలకి ఉచితంగా ప్యాడ్లు ఇవ్వడం 2018లో మొదలైంది, చాలా మంచి పని, కానీ బడి మానేసిన పిల్లకీ వాళ్లమ్మకీ అవి ఉచితంగా రావు, ఈ లెక్క వాళ్ల కోసమే. ఆరూ ఒకేసారి కొనక్కర్లేదు, రెండు తెచ్చుకుని ఇంట్లో ఉన్న రోజు పెట్టుకుని చూడండి, కుదిరితేనే మిగతావి.