మొహమాటానికి తాగిన చాయ్‌లో కేలరీలుండవు

పోషకాహార శాస్త్రం ఎంత ఎదిగినా ఒక్క విషయంలో మాత్రం మహబూబ్‌నగర్ కన్నా వెనకబడే ఉంది. ఇష్టపడి తిన్న చక్కెర వేరు, కాదనలేక తిన్న చక్కెర వేరు. ఈ తేడా దానికింకా అంతుపట్టలేదు.

మనకు తెలుసు. రోజుకు ఎన్ని చాయ్‌లని డాక్టర్ అడిగితే ‘రెండే సార్’ అంటాం. అబద్ధమేం కాదు. పొద్దున ఇంట్లో ఒకటి, సాయంత్రం ఇంట్లో ఒకటి. తహసీల్ ఆఫీసు ముందు తోడొచ్చినాయన తాగించింది, పంచాయితీకి పోయినచోట ‘జర్రంత తియ్యగనే పెట్టిన, తాగుండ్రి’ అని వదినమ్మ చేతికిచ్చింది, రిజిస్ట్రేషన్ అయిన ఖుషీలో భూమి అమ్మినాయన పోయించింది, ఇవన్నీ మర్యాద పద్దు. దానికి ఆడిట్ ఉండదు.

కానీ కాలేయానికి మొహమాటం లేదు. ఒక్కో చాయ్‌కి రెండు చెంచాలంటే సుమారు 10 గ్రాములు, 40 కేలరీలు. అయిదు చాయ్‌లకు 50 గ్రాములు. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో గీసిన గీత సరిగ్గా అక్కడే ఉంది. 25 గ్రాములకు తగ్గితే ఇంకా మంచిదని కూడా అంది. పాపం, ఆ సంస్థవాళ్లు మన పెళ్లిళ్లకు వచ్చి ఉండరు.

లోపలికి పోయిన చక్కెర గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అని సగం సగం విడిపోతుంది. గ్లూకోజ్‌ను ఒళ్లంతా పంచుకుంటుంది. ఫ్రక్టోజ్ భారం ఎక్కువగా కాలేయం మీదే పడుతుంది. అవసరానికి మించి రోజూ వస్తుంటే అది కొంత కొవ్వుగా మార్చి, కొంత తన దగ్గరే పెట్టుకుని, మిగతాది రక్తంలోకి పంపేస్తుంది. ఈలోగా పెరిగిన ఇన్సులిన్, పొట్ట చుట్టూ ఉన్న పాత కొవ్వును కదలొద్దని కూర్చోబెడుతుంది. చుక్క మందు ముట్టని పెద్దమనిషి స్కానింగ్ రిపోర్టులో ‘ఫ్యాటీ లివర్’ చూసి ల్యాబ్‌వాళ్లు పేర్లు తారుమారు చేశారని గొడవకు దిగడం ఇందుకే. నడుము మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలని మన దేశంలో డాక్టర్ల లెక్క. 90 అంటే దాదాపు 35న్నర ఇంచులు. టైలర్‌కు ఈ సంగతి ఎప్పుడో తెలుసు, గిరాకీ పోతుందని చెప్పడు.

ఇక బెల్లం పక్షం వాళ్లున్నారు. చక్కెర మానేశామని ఛాతీ విరుచుకుని, బతుకమ్మ మలీద ముద్దలు మింగుతూ ‘ఐరన్ ఉంటది’ అంటారు. బెల్లంలో అధికభాగం ఆ చక్కెరే. కేలరీలూ కాస్త అటూ ఇటూగా అంతే. రంగు మారితే పొట్ట గుర్తుపట్టదనుకోవడం అమాయకత్వం.

న్యాయంగా చెప్పాలంటే చక్కెరను తెల్ల విషమని తిట్టేవాళ్లదీ అతే. అన్నం తగ్గించి అన్నే కేలరీల చక్కెర తిన్నంత మాత్రాన బరువు ప్రత్యేకంగా పెరగదు. మనం తగ్గించం, అదీ తిరకాసు. అన్నం అన్నమే, చాయ్ దాని పైన. తాగిన తీపికి కడుపు నిండదు కాబట్టి రాత్రి ఒక్క ముద్దయినా తగ్గదు.

అందుకే ప్రభుత్వానికి నా వినతి: ఆహార మార్గదర్శకాల్లో ‘బలవంతపు వడ్డన’ కింద మినహాయింపు ఇస్తూ జీవో తేవాలి, కాలేయానికి ఒక కాపీ పంపాలి. వచ్చే ముహూర్తాల లోపు వస్తే మేలు. జడ్చర్ల ఫంక్షన్ హాల్లో డబుల్ కా మీఠా గరిటె ఎత్తి నిలబడ్డ పెళ్లికూతురి మేనమామకు 25 గ్రాముల లెక్క చెప్పి బయటపడ్డ మొనగాడు నాకింకా తగల్లేదు.