గాలి బాగుచెయ్యక్కర్లేదు, మెషీన్ మార్చండి చాలు

పీఎం 2.5, అంటే గాల్లో తేలే 2.5 మైక్రాన్ల లోపు సన్నటి దుమ్ము, తగ్గించాలని ఫ్యాక్టరీల వెంటా బండ్ల వెంటా పడేవాళ్లని చూస్తే నాకు నిజంగా జాలేస్తుందండీ. కొలిచే పద్ధతి మారిస్తే పోయేదానికి ఇంత శ్రమా?

అందరూ ప్రమాణం అని ఒప్పుకునేది ఫిల్టర్ తూకం. 24 గంటలు గాలి లాగి, ఆ ఫిల్టర్‌ని తేమా వేడీ కంట్రోల్‌లో ఉన్న గదిలో ఉంచి మైక్రోగ్రాముల్లో తూస్తారు. ఇవాళ్టి గాలి సంగతి తేలేసరికి దాన్ని మనం ఎప్పుడో పీల్చేసి ఉంటాం, ఇక టెన్షనెందుకు. తొందరున్నవాళ్లకి బీటా మెషీన్ ఉంది, టేపు మీద దుమ్ము పట్టించి బీటా కిరణాలు ఎంత ఆగాయో చూసి గంటగంటకీ చెప్పేస్తుంది.

నా అభిమాన మెషీన్ మాత్రం టీయోమ్. అందులో సన్నటి గొట్టం కొసన ఫిల్టర్ ఊగుతూ ఉంటుంది, దుమ్ము చేరేకొద్దీ ఊగే వేగం తగ్గుతుంది, దాన్నిబట్టి బరువు. తేమ గొడవ వద్దని పాత మోడళ్లలో గాలిని 50 డిగ్రీలకి వేడి చేసేవాళ్లు, ఆ వేడికి తేమతోపాటు దుమ్ములో భాగమైన అమ్మోనియం నైట్రేట్ కూడా ఆవిరైపోయి లెక్క తగ్గేది, చలికాలంలో ఈ నైట్రేటే ఎక్కువ కాబట్టి సరిగ్గా గాలి పాడైన రోజుల్లోనే మెషీన్ మనకి మేలు చేసేదన్నమాట! తర్వాత ఎవరో పనిలేక ఆ ఆవిరైనదాన్ని కూడా లెక్కలోకి తెచ్చే మెషీన్లు కనిపెట్టారు. అవి పెట్టిన నెల నుంచి గ్రాఫ్‌లో గీత మెట్టెక్కుతుంది, పొల్యూషన్ ఎందుకు పెరిగిందని టీవీల్లో చర్చలు. పాతదీ కొత్తదీ కొన్నాళ్లు పక్కపక్కన నడిపి తేడా సవరించొచ్చు గానీ ఆ తేడా సీజన్‌కోలా ఉంటుంది, ఒక్క నంబర్‌తో గుణిస్తే సరిపోదు, అంత ఓపిక ఎవరికుంది.

చౌక సెన్సర్లు అసలు తూకమే వెయ్యవు, లేజర్ వెలుగు ఎంత చెదిరిందో చూసి బరువు ఊహిస్తాయి. తేమ ఎక్కువైతే కణాలు నీళ్లు తాగి ఉబ్బుతాయి, రీడింగూ ఉబ్బుతుంది. శాటిలైట్ ఇంకా మర్యాదస్తురాలు, మబ్బు పడితే నేల వైపు చూడనే చూడదు, డేటా లేదంటే పొల్యూషన్ లేనట్టేగా.

డబ్ల్యూహెచ్ఓ ఒకటే రివర్సు, 2021లో పీఎం 2.5 ఏడాది సగటు పరిమితిని ఘనపు మీటరు గాలికి 10 మైక్రోగ్రాముల నుంచి 5కి దించేసింది.

కాబట్టి నా ప్లాన్ ఇది. మొదటి పదేళ్లూ ఫిల్టర్ లెక్కలు, తర్వాతి చలికాలాలన్నీ వేడి టీయోమ్, వానాకాలాలు శాటిలైట్, అన్నీ కలిపి ఒకే రంగు గీత గియ్యండి. మెషీన్ ఎక్కడ మారిందో రాయమని ఎవరైనా అడిగితే గ్రాఫ్‌లో చోటు చాల్లేదనండి.