గోకు హనుమంతుడు కాడు: యానిమే అంతా మన పురాణాల కాపీ అనే ప్రచారానికి జవాబు

మా అక్క కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. గది గోడ మీద నరుటో పోస్టర్, ఫోన్ వెనక గోకు స్టిక్కర్. పోయిన వారం వాడు నాకో వాట్సాప్ మెసేజ్ పంపి "ఇది నిజమేనా మావయ్యా?" అని అడిగాడు. మీలో చాలామందికి ఈపాటికే వచ్చి ఉంటుంది. అందులో ఉన్నది ఇది: జపాన్ యానిమే (అక్కడి యానిమేషన్ కథలు), సూపర్ హీరో షోలు, వీడియో గేమ్‌లు అన్నీ మన పురాణాల కాపీలే. గోకు అంటే మన హనుమంతుడు. నరుటోలోని చక్ర, ముద్రలు మన యోగశాస్త్రం. నాలుగు చేతుల సుకునాది మన దేవతల రూపం. పవర్ రేంజర్స్ పంచపాండవులు. గేముల్లో శివుడి పేరు కూడా వాడేసుకున్నారు. ఇంత చేసి ఎక్కడా మన పేరు చెప్పరు. కింద "గర్వంగా షేర్ చేయండి" అని ఒక మాట.

ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోవచ్చు. కానీ నేను చిన్నప్పుడు తాతయ్య పక్కన కూర్చుని భారతం విన్నవాణ్ణి, ఇరవై ఏళ్ళుగా ఈ జపాన్ కథలు వదలకుండా చూస్తున్నవాణ్ణి. రెండూ నాకు ప్రాణమే. ఈ మెసేజ్‌లో కొంత నిజం ఉంది. దాన్ని కూడా పాడు చేసి పంచుతున్నారన్నదే నా బాధ. అందుకే ఒక్కొక్క మాటే తీసుకుని చెబుతాను.

ముందు గోకు. అతని పూర్తి పేరు సోన్ గోకు. చైనా నవల 'పశ్చిమ యాత్ర'లో సున్ వుకోంగ్ అనే కోతి వీరుడు ఉంటాడు. ఆ పేరు రాసే అక్షరాలనే జపాన్ వాళ్ళు 'సోన్ గోకు' అని చదువుతారు. 1984లో గోకు కథ 'డ్రాగన్ బాల్' కామిక్‌ను మొదలుపెట్టినప్పుడు దాని సృష్టికర్త అకిరా తోరియామా ఇది దాచిపెట్టలేదు, హీరో పేరే అది. పొడవు పెరిగే కర్ర, ఎక్కి తిరిగే మబ్బు, కోతి తోక అన్నీ అక్కడివే. నవలలో యాత్రకు బయల్దేరే భిక్షువు స్థానంలో బుల్మా, అతని వెంట నడిచే పంది స్థానంలో ఊలాంగ్ వచ్చారు.

"ఆ సున్ వుకోంగ్ మాత్రం హనుమంతుడు కాడా?" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. 1920ల్లో చైనా పండితుడు హు షి అతని మూలం హనుమంతుడే అయి ఉండొచ్చన్నాడు. అదే కాలపు రచయిత లు షున్ ఒప్పుకోలేదు, చైనా జానపద కథల్లో వుచిచీ అనే కోతి రూపపు నీటి భూతం ఉంది, మూలం అదీ అన్నాడు. పండితుల్లో ఆ వాదన ఇప్పటికీ తెగలేదు. పోలిక ఉందని మనం చెప్పుకోవచ్చు. కాపీ అని తీర్పు ఇవ్వడానికి మాత్రం ఆధారం చాలదు. స్వభావాలు చూసినా తేడా తెలుస్తుంది. హనుమంతుడిలోంచి రామభక్తి తీసేస్తే ఏం మిగులుతుంది? సున్ వుకోంగ్ రాతిలోంచి పుట్టి, స్వర్గం మీదే తిరగబడి, బుద్ధుడి చేతిలో ఓడి 500 ఏళ్ళు కొండ కింద పడి ఉన్నవాడు. గోకు వీళ్ళిద్దరిలా ఉండడు. తనకంటే బలమైనవాడు ఎదురైతే భయపడడు, సంబరపడతాడు. అమాయకుడైన కొండప్రాంతపు పిల్లవాడు.

పైగా డ్రాగన్ బాల్‌లో ఆ నవల ఒక పాయ మాత్రమే. జాకీ చాన్ కుంగ్‌ఫూ సినిమాలంటే తోరియామాకు ఎంతో ఇష్టం, తొలి భాగాల్లోని పోరాటాల్లో ఆ ఛాయ కనిపిస్తుంది. కథ పేరులోని ఆ మాయా గోళాల ఆలోచన 19వ శతాబ్దపు జపాన్ నవల 'హక్కెన్‌దెన్' నుంచి వచ్చింది. అందులో ఎనిమిది పూసలుంటాయి, తను వేరుగా ఉండాలని ఏడు పెట్టుకున్నాడు. పసిబిడ్డ గోకును వేరే గ్రహం నుంచి భూమికి పంపడం చూస్తే సూపర్‌మ్యాన్ గుర్తొస్తాడు. గోకు పుట్టిన సయాన్ జాతి పేరు, జపనీస్‌లో కూరగాయలనే 'యసాయ్' మాట అక్షరాలు తారుమారు చేసి పెట్టింది. ఆ జాతివాళ్ళ వెజిటా, కకారాట్ అనే పేర్లూ కూరగాయలవే. ఇవన్నీ ఒక మనిషి చేతిలో కలిసి కొత్త కథ అయ్యాయి. మొల్ల రాసిన రామాయణాన్ని వాల్మీకికి కాపీ అని మనం ఏనాడైనా అన్నామా? వ్యాసుడి భారతంలో లేని శశిరేఖా పరిణయాన్ని మన జనం ఎంత ప్రేమగా చెప్పుకున్నారు! మనకు మనం ఇచ్చుకున్న ఆ స్వేచ్ఛ వాళ్ళకూ ఉండాలి కదా.

మెసేజ్ రాసినవాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. ఆ నవలలోని భిక్షువు కల్పన కాదు, 7వ శతాబ్దంలో బౌద్ధ గ్రంథాల కోసం మన దేశమంతా తిరిగిన హ్యుయన్‌త్సాంగ్. ఆయన ధాన్యకటకానికి, అంటే మన అమరావతి ప్రాంతానికి వచ్చాడు, నెలల తరబడి ఉండి చదువుకున్నాడు. ఆయన యాత్ర చైనాలో కథలైంది, ఆ కథలు 16వ శతాబ్దంలో నవల అయ్యాయి, ఆ నవల జపాన్‌లో గోకు అయింది. కృష్ణ ఒడ్డున నడిచిన ఒక బాటసారి కథ ఇంత దూరం వెళ్ళిందని తెలిసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. పిల్లలకు చెప్పాల్సింది ఇది.

ఇక నరుటో. మెసేజ్ కాస్తో కూస్తో నిజానికి దగ్గరగా వచ్చింది ఇక్కడే, అందుకే ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి.

'చక్ర' అనే మాట సంస్కృతమే. కానీ మసాషి కిషిమోతో 1999లో మొదలుపెట్టిన ఈ నింజాల (జపాన్ గూఢచారి యోధుల) కథలో చక్ర అంటే శరీర శక్తీ మనసు శక్తీ కలిస్తే పుట్టే ఒక ఇంధనం. మూలాధారం నుంచి సహస్రారం దాకా ఉండే మన చక్రాల అమరిక అందులో లేదు. ఒంట్లో ఎనిమిది ద్వారాలు తెరుచుకునే విద్య ఉంటుంది కదా, రాక్ లీ అనే పాత్ర వాడేది, ఆ ద్వారాల పేర్లు చైనా జ్యోతిష విద్య ఒకదాని నుంచి వచ్చాయి. చేతి ముద్రలు ఎలుక, ఎద్దు, పులి, కుందేలు, డ్రాగన్ అంటూ చైనా పంచాంగంలోని పన్నెండు జంతువుల పేర్లతో ఉంటాయి.

అయితే వేళ్ళు ముడిచి మంత్రశక్తిని పిలిచే పద్ధతి జపాన్‌కు ఎలా చేరింది? అక్కడ మన వాటా ఉంది. కూకాయ్ అనే భిక్షువు 804లో చైనా వెళ్ళి, 806లో తాంత్రిక బౌద్ధాన్ని జపాన్‌కు తెచ్చాడు. ఆ గురుపరంపరలో దక్షిణ భారతం నుంచి చైనా వెళ్ళిన వజ్రబోధి ఉన్నాడు. ఆ ముద్రలు అక్కడి కొండల్లో తపస్సు చేసుకునే సాధువుల దగ్గరికి చేరాయి, చైనా తావో మతపు తొమ్మిది అక్షరాల మంత్రంతో కలిశాయి, తర్వాత నింజా కథల్లోకి వచ్చాయి. కిషిమోతో అందుకున్నది తన ఊళ్ళో పన్నెండు వందల ఏళ్ళుగా ఉన్న సంప్రదాయాన్ని.

ఇంతకంటే గట్టి ఆధారం మరొకటి ఉంది, విచిత్రంగా మెసేజ్‌లో దాని ఊసే లేదు. నరుటోలోని పెయిన్ అనే పాత్ర ఆరు శరీరాలు దేవ, అసుర, మనుష్య, పశు, ప్రేత, నరక గతులు. బౌద్ధంలో జీవులు తిరిగే ఆరు లోకాలు ఇవే. అతని కన్ను 'రిన్నెగాన్'లో 'రిన్నె' అంటే సంసారం, పుట్టడం చావడం అనే చక్రం. చివర్లో ఇంద్ర, అసుర అనే అన్నదమ్ములు వస్తారు. వాళ్ళలో అసురుడే మంచివాడు! మనకు తలకిందులుగా కనిపిస్తుంది, జపాన్ వాళ్ళకు కాదు. బౌద్ధంలో అసురుడు ధర్మాన్ని కాపాడేవాడిగా మారాడు. నారా నగరంలో కోఫుకుజి ఆలయంలో 734 నాటి అసుర విగ్రహం ఉంది. మూడు ముఖాలు, ఆరు చేతులు, ఎంతో సౌమ్యమైన చూపు. మన దగ్గర పుట్టిన పేరు అక్కడ అలా ఎదిగింది. కాపీ కొట్టినవాడు ఇలా మార్చడు, తరాల తరబడి పూజించినవాళ్ళే మార్చగలరు.

మిగతా నరుటో అంతా జపాన్ మట్టిలోంచే వచ్చింది. అమతెరాసు, త్సుకుయోమి, సుసానో అనే శక్తుల పేర్లు 712 నాటి 'కొజికి' గ్రంథంలోని దేవతలవి. కప్ప మంత్రపు జిరాయియా, నత్త మంత్రపు త్సునాదె, పాము మంత్రపు ఒరోచిమారు ముగ్గురూ 19వ శతాబ్దపు జపాన్ జానపద నవలలోని పాత్రలు. వీటిని పక్కనపెట్టి "అంతా మనదే" అంటే వాళ్ళ తాతలు చెప్పిన కథలను మనం లాక్కున్నట్టే.

సుకునా విషయం చిన్నదే. 'జుజుత్సు కైసెన్' అనే యానిమేలో అతనికి నాలుగు చేతులు, రెండు ముఖాలు. 720లో రాసిన జపాన్ చరిత్ర గ్రంథం 'నిహోన్ షోకి'లో హిదా ప్రాంతపు సుకునా అనే వీరుడికీ రెండు ముఖాలు, నాలుగు చేతులు, రెండు కత్తులు, విల్లంబులు. పేరు, రూపం రెండూ అక్కడివే.

పవర్ రేంజర్స్ ఐదుగురు కాబట్టి పాండవులట. 1993లో అమెరికాలో వచ్చిన ఆ షో, జపాన్‌లో 1992లో వచ్చిన 'జురేంజర్' దృశ్యాలను వాడుకుని తీసింది. జపాన్‌లో ఆ జట్టు షోల వరుస 1975లో 'గోరేంజర్'తో మొదలైంది. దాని సృష్టికర్త షోతారో ఇషినోమోరి, 1971లో మిడత ముసుగు వీరుడు 'కామెన్ రైడర్'ను ఇచ్చినవాడు. ఈ వరుసలో అన్నిసార్లూ ఐదుగురే ఉండరు. 1977లో వచ్చిన రెండో జట్టు నలుగురితో మొదలైంది, 1981 జట్టులో ముగ్గురే. పెద్ద రోబో ఎలా వచ్చింది? 1978లో ఆ షోలు తీసే తోయే సంస్థ మార్వెల్‌తో ఒప్పందం చేసుకుని జపాన్ స్పైడర్‌మ్యాన్ తీసింది. అతనికి ఒక భారీ రోబో ఇచ్చారు. అది పిల్లలకు నచ్చడంతో మరుసటి ఏడు రంగుల జట్టుకీ రోబో వచ్చింది. అంటే అమెరికా నుంచి తీసుకున్నారు, మళ్ళీ అమెరికాకే ఇచ్చారు.

ఒక్కొక్కరే ముందుకొచ్చి, భంగిమ పెట్టి, పేరు చెప్పుకోవడం ఉంది చూశారా, దాని ఊట జపాన్ సంప్రదాయ నాటకమైన కబుకిలో ఉంది. 1862లో ఆడిన ఒక కబుకి నాటకంలో ఐదుగురు దొంగలు గొడుగులు పట్టుకుని వరుసగా నిలబడి తమ పేర్లు, కథలు ప్రకటించుకుంటారు. మనకూ కూచిపూడి భాగవతంలో సత్యభామ ప్రవేశ దరువుతో తానెవరో తానే చెప్పుకుంటుంది. జడ ముందుకు వేసుకుని ఆమె నిలబడే తీరు చూసినప్పుడల్లా నాకు ఆ కబుకి భంగిమలే గుర్తొస్తాయి. అలాగని ఒకరి దగ్గర ఒకరు దొంగిలించారని ఎవరం అనుకుంటాం? రంగస్థలం ఉన్న ప్రతి చోటా ఇది పుడుతుంది.

హనుమంతుడు నిజంగానే జపాన్ సూపర్ హీరోల పక్కన నిలబడ్డ సందర్భం ఒకటుంది. 1974లో జపాన్ సంస్థ త్సుబురాయా, థాయ్‌లాండ్ సంస్థ ఒకటి కలిసి తీసిన సినిమాలో అల్ట్రామ్యాన్ సోదరులతో కలిసి ఆయన రాక్షసులతో పోరాడతాడు. పేరు హనుమంతుడే, థాయ్ రామాయణంలోని రూపంతో. వాడుకున్నప్పుడు పేరు పెట్టే వాడుకున్నారు.

గేముల గురించి మెసేజ్‌లో ఉన్న అభ్యంతరం కొంత నాకూ ఉంది. 1990లో వచ్చిన మూడో 'ఫైనల్ ఫాంటసీ'లో శివ అంటే మంచు కురిపించే ఒక స్త్రీ. మన ఇంట్లో పూజ చేసుకునే పేరు అలా కనిపిస్తే మనసు చివుక్కుమంటుంది, అందులో తప్పు లేదు. కానీ ఆ గేములోనే ఉత్తర ఐరోపా దేవుడు ఓడిన్, అరబ్బు కథల ఇఫ్రిత్, బహామూత్ ఉన్నారు. అన్ని దేశాల పేర్లూ అంతే తేలిగ్గా తీసుకున్నారు. ఇక 1986లో జపాన్ ఇళ్ళకు రోల్ ప్లేయింగ్ గేమ్‌ను (మనమే ఒక పాత్రగా మారి ఆడే ఆటను) అలవాటు చేసిన 'డ్రాగన్ క్వెస్ట్' చూడండి. దాన్ని తయారుచేసిన యూజి హోరీకి స్ఫూర్తి 'విజర్డ్రీ', 'అల్టిమా' అనే అమెరికా కంప్యూటర్ గేములు. అందులో బొమ్మలు వేసింది మళ్ళీ తోరియామాయే.

చివరిది, "ఎక్కడా మన పేరు చెప్పరు" అన్న మాట. ఇది పూర్తిగా అబద్ధం. జపాన్ కామిక్స్ దిగ్గజం ఒసాము తెజుకా బుద్ధుడి జీవితాన్ని 'బుద్ధ' అనే పేరుతోనే పదేళ్ళకు పైగా గీశాడు. క్లాంప్ అనే కామిక్స్ రచయిత్రుల బృందం 1989లో మొదలుపెట్టిన కథకు ఋగ్వేదం పేరే పెట్టుకుంది. 'ఫేట్' గేముల్లో కర్ణుడు, అర్జునుడు తమ పేర్లతోనే ఉన్నారు.

జపాన్ సినిమా దర్శకుడు యూగో సాకో గురించి చెప్పకపోతే ఈ జవాబు అసంపూర్ణం. 1983లో ఆయన మన దేశం వచ్చినప్పుడు రామాయణ స్థలాల్లో పురావస్తు శాస్త్రవేత్త బి.బి. లాల్ జరిపిన తవ్వకాల గురించి తెలుసుకున్నాడు. వెనక్కి వెళ్ళి, జపనీస్‌లో దొరికే రామాయణాలన్నీ తెచ్చుకుని చదివాడు. రామాయణాన్ని యానిమేషన్‌గా తీయాలని పట్టుబట్టాడు. జపాన్ వాడు మన దేవుణ్ణి బొమ్మ చేస్తాడా అని ఇక్కడ కొందరు అడ్డుపడ్డారు. ఆయన వదల్లేదు. మన యానిమేషన్ దర్శకుడు రామ్ మోహన్‌ను, మన కళాకారులను కలుపుకుని, పాటలు సంస్కృతంలో పెట్టించి పూర్తి చేశాడు. 1990ల మొదట్లో అది తయారైనా థియేటర్లలో పెద్దగా ఆడలేదు. పిల్లలు టీవీలో చూసి ఇష్టపడ్డారు. 2025 జనవరిలో మళ్ళీ మన థియేటర్లకు వచ్చింది, ఈసారి తెలుగులోనూ. అప్పటికి సాకో లేడు, 2012లోనే పోయాడు.

మా వాడికి ఈ సంగతులన్నీ రాసి పంపాను. సాకో సినిమా ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. ఈ దసరా సెలవుల్లో వచ్చినప్పుడు ఇద్దరం కలిసి చూస్తాం.