హాని లేదంటే చెప్పి చేయొచ్చుగా?

1950 సెప్టెంబరులో అమెరికా నౌకాదళం ఓడ ఒకటి శాన్‌ఫ్రాన్సిస్కో తీరానికి కాస్త దూరంలో ఆగి, ఊరి వైపు గొట్టాలతో బ్యాక్టీరియాను చిమ్మింది. ఆ ఊళ్లో పొగమంచు ఎక్కువ. మంచుతో కలిసి సూక్ష్మజీవులు ఎంత లోపలికి వెళ్తాయో చూడటమే సైన్యం ఉద్దేశం. వాడిన వాటిలో ముఖ్యమైంది సెరాషియా మార్సెసెన్స్. ల్యాబులో పెంచితే ఎర్రగా తేలుతుంది కాబట్టి ఎక్కడ పడిందో ఇట్టే పట్టేయొచ్చు. 43 చోట్ల నమూనాలు తీసి, దాదాపు 8 లక్షల మంది పీల్చారని లెక్క తేల్చారు. పీల్చినవాళ్లకు మాత్రం ఆ ముక్క చెప్పలేదు.

అక్టోబరులో అదే ఊళ్లోని స్టాన్‌ఫర్డ్ ఆసుపత్రిలో 11 మందికి సెరాషియా సోకింది. అంతకుముందు అక్కడి వైద్యులు ఎరగని ఇన్ఫెక్షన్ అది. ప్రొస్టేట్ ఆపరేషన్ చేయించుకుని కోలుకుంటున్న ఎడ్వర్డ్ నెవిన్ అనే రిటైర్డ్ పైపు ఫిట్టరుకు అది గుండె దాకా పాకి ప్రాణం తీసింది. ఇదెక్కణ్నుంచి వచ్చిందో అర్థం కాక వైద్యులు 1951లో ఓ జర్నల్‌లో వ్యాసమే రాశారు. 1976లో పత్రికల్లో వచ్చేదాకా నెవిన్ కుటుంబానికి ఏమీ తెలియదు. మరుసటి ఏడు సెనేట్ విచారణలో సైన్యం తానే ఒప్పుకుంది: 1949 నుంచి 1969 దాకా బహిరంగ పరీక్షలు 239. న్యూయార్క్ భూగర్భ రైలు మార్గంలో బల్బుల్లో బ్యాక్టీరియా నింపి పట్టాల మీద పగలగొట్టారు. సెయింట్ లూయిస్‌లో నల్లజాతి పేదల వాడల మీద జింక్ కాడ్మియం సల్ఫైడ్ పొడి చల్లుతూ, రష్యా దాడి నుంచి కాపాడే పొగతెర కోసమని నగర పెద్దలను నమ్మించారు.

సైన్యాన్ని వెనకేసుకొచ్చేవాళ్ల వాదన మనకు తెలిసిందే. ప్రచ్ఛన్నయుద్ధ కాలం, శత్రువు ముందుగా ప్రయోగిస్తే ఎలాగన్న భయం, ఆ బ్యాక్టీరియా ప్రమాదకరం కాదని అప్పట్లో నమ్మకం. నెవిన్ చావుకు ఓడే కారణమని శాస్త్రీయంగా రుజువు కాలేదన్నదీ నిజమే. సరే, ఒప్పుకుందాం. హాని లేదని అంత ధీమా ఉన్నవాళ్లకు దాచాల్సిన అవసరమేంటి? చెబితే జనం వద్దంటారని వాళ్లకు తెలుసు. దాచింది రష్యా నుంచి ఒక్కటే కాదు, ఆ ‘వద్దు’ అనే మాట నుంచి కూడా.

నన్ను బ్యాక్టీరియా కంటే ఎక్కువ భయపెట్టేది కోర్టు తీర్పు. నెవిన్ మనవడు లాయరు. కుటుంబం తరఫున ప్రభుత్వం మీద దావా వేస్తే 1981లో విచారణ జరిగింది. ప్రయోగం జరగలేదని ప్రభుత్వం అనలేదు. ఎక్కడ చేయాలి, ఏది వాడాలి అన్నది అధికారుల విచక్షణ, అమెరికా చట్టం ప్రకారం విచక్షణతో తీసుకున్న నిర్ణయాల మీద దావా చెల్లదు అంది. కోర్టు సరేనంది. 1983లో అప్పీలు కోర్టూ సరేనంది. అంటే ఊరంతటి ఊపిరితిత్తుల మీద నిర్ణయం ఒక అధికారి విచక్షణలోకి వస్తుందన్నమాట! 1947లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో నాజీ డాక్టర్లకు శిక్ష వేస్తూ, మనిషి మీద ప్రయోగానికి అతని స్వచ్ఛంద అంగీకారం తప్పనిసరి అని రాసినవాళ్లు అమెరికన్ జడ్జీలే. మూడేళ్లు దాటాయో లేదో ఓడ బయల్దేరింది.

ఇవాళ ఏ టీకా వచ్చినా ‘మన మీద ప్రయోగాలు చేస్తున్నారు’ అని వాట్సాప్‌లో తిరిగే పుకార్లను చూసి చదువుకున్నవాళ్లు నవ్వుతారు. నేనూ వాటిని నమ్మను. కానీ ఆ పుకార్లకు పెట్టుబడి పెట్టింది ప్రభుత్వాలే.

అదంతా అమెరికా సంగతి అనుకోవడానికీ లేదు. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు వేల మందికి క్యాన్సర్ నివారణకని హెచ్‌పీవీ టీకా వేశారు. అమెరికా సంస్థ పాత్, కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు అది. ఇది రహస్య ఆయుధ పరీక్ష కాదు, ఆ పోలిక తెచ్చేవాళ్లది అతి. తర్వాత జరిగిన కొందరు పిల్లల మరణాలకు టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది కూడా. అయినా పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. మరో 1,948 మీద వేలిముద్రలు. గిరిజన పిల్లల తల్లిదండ్రులేమీ సముద్రాల అవతల లేరు, బస్సెక్కితే చేరుకునే ఊళ్లలోనే ఉన్నారు. వాళ్ల దాకా వెళ్లడం ఎందుకులే అనుకోవడం, శాన్‌ఫ్రాన్సిస్కోకు చెప్పడం ఎందుకులే అనుకోవడం ఒకే బుద్ధి. అక్కడ దానికి విచక్షణ అని పేరు, ఇక్కడ వార్డెన్ సంతకం.

2010లో ప్రాజెక్టు ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుబట్టింది. హెచ్‌పీవీ టీకా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకుంటుంది, ఆడపిల్లలకు అందాల్సిందే. కానీ రేపు భద్రాచలం ఏజెన్సీలో ఏ తల్లయినా నా కూతురికి వద్దంటే, మూఢనమ్మకం అని కొట్టిపారేసే హక్కు ఆరోగ్య శాఖకు లేదు. ఆ 2,763 ఫారాల మీద వార్డెన్ల చేత సంతకం పెట్టించమని ఎవరు చెప్పారో, వాళ్ల మీద ఏ చర్య తీసుకున్నారో ముందు ఆ తల్లికి చెప్పాలి.