ఊరికే ఇవ్వడంలోని శాస్త్రం

పచ్చళ్లు అమ్మేవాడికి ఐఫోన్‌తో ఏం పని అని అడిగే అమాయకులు ఇంకా మన మధ్య ఉండటం విచారకరం. గుంటూరులోనో విజయవాడలోనో కూర్చుని డాలస్‌కూ న్యూజెర్సీకీ గోంగూర, ఆవకాయ కొరియర్ చేసే వ్యాపారికి సలహాదారులు నేడు మొట్టమొదట ఉపదేశించేది ఈమెయిల్ జాబితా, అంటే సరుకు సంగతులు పంపడానికి పనికొచ్చే మెయిల్ ఐడీల పట్టిక, పెంచుకొమ్మని. జాబితా పెరగాలంటే ఏదో ఒకటి ఊరికే ఇవ్వాలి. ఇచ్చేది ఎంత ఖరీదైనదైతే జనం అంతగా ఎగబడతారు కనుక, మెయిల్ ఐడీ ఇచ్చినవారిలో ఒకరికి లక్కీ డ్రాలో ఐఫోన్ అని ప్రకటించడమే ఉత్తమమని తేలుతుంది. ఈ తర్కంలో లోపం పట్టుకోవడం మామూలు బుర్రలకు సాధ్యం కాదు.

జనం ఎగబడతారు, అందులో సందేహం లేదు. ఇంతవరకు ఆవకాయ ముట్టనివారు, ఇకమీదట ముట్టబోనివారు, లక్కీ డ్రాలనే వృత్తిగా స్వీకరించినవారు, అందరూ వస్తారు. జీమెయిల్ చిరునామాలో చుక్క ఎక్కడ పెట్టినా ఉత్తరం ఒకే పెట్టెలో పడుతుందని తెలిసినవాడు ఆ చుక్కను అటూ ఇటూ జరుపుతూ ఒక్కడే ఇరవై మందిగా అవతరిస్తాడు. కొందరైతే పది నిమిషాల్లో మాయమైపోయే తాత్కాలిక చిరునామాలు ఇచ్చి చక్కా పోతారు. జాబితాలోని పేర్ల లెక్కను బట్టి నెలనెలా రుసుము తీసుకునే మెయిల్ సేవల సంస్థ మాత్రం వీరందరినీ సమదృష్టితో చూస్తుంది. పచ్చడి తినని ఇన్ని వేల మందిని పోషించిన తరువాత వ్యాపారికి మిగిలే గౌరవప్రదమైన మార్గం ఫోన్ల దుకాణం తెరవడమే. అందుకు కావలసిన జాబితా ఎలాగూ చేతిలో ఉంది.

పైగా 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ సంస్థలు పెద్ద ఎత్తున మెయిళ్లు పంపేవారికి కొత్త నియమాలు పెట్టాయి. రోజుకు 5,000కు మించి జీమెయిల్ ఖాతాలకు పంపేవారు ఒక్క నొక్కుతో జాబితా నుంచి తప్పుకునే వీలు కల్పించాలి, స్పామ్ అన్న ఫిర్యాదులు 0.3 శాతానికి, అంటే వెయ్యికి మూడుకు, చేరకుండా చూసుకోవాలి. ఫోన్ రాలేదన్న అక్కసుతో వెయ్యిమందిలో ముగ్గురు స్పామ్ మీట నొక్కడం ఎంతసేపు? ఆ పైన, మాగాయ ఎప్పుడొస్తుందా అని నిజంగా ఎదురుచూస్తున్న న్యూజెర్సీ పిన్నిగారికి పంపే ఉత్తరం కూడా చెత్తబుట్టకే చేరుతుంది.

ఐఫోన్‌కు స్తోమత లేనివారికి ఈ-బుక్ ఉండనే ఉంది. సలహాదారుల పరిభాషలో దీన్ని లీడ్ మాగ్నెట్, అంటే మెయిల్ ఐడీలను లాగే అయస్కాంతం, అంటారు. ‘ఊరగాయల సంపూర్ణ మార్గదర్శి’ అని పేరు పెట్టి, ఊరగాయల ప్రాచీన వైభవంతో మొదలుపెట్టి, అరవై పేజీలు నింపాలి. దించుకున్నవారెవరూ చదవరు కనుక తప్పులు పట్టేవారూ ఉండరు.

ఈ మహోన్నత పద్ధతులను కాదని, ఒకే ఒక్క పేజీలో ఆవకాయ పెట్టే విధానాన్ని నిజాయితీగా రాసి ఇచ్చే మూర్ఖులు కొందరున్నారు. గుట్టు బయటపెడితే కొనేవాడెవడని సలహాదారులు గుండెలు బాదుకుంటారు. కానీ ఆ పేజీ అడిగేది ఆవకాయ అంటే నోరూరేవాడు మాత్రమే, కాబట్టి వడపోత అక్కడే జరిగిపోతుంది. వాడు చదవడం మొదలుపెడతాడు: పుల్లటి గట్టికాయలు తెచ్చి, కడిగి, తడి లేకుండా తుడిచి ఆరబెట్టాలి, టెంకతో సహా ముక్కలు కొట్టాలి, జీడి తీసేసి, టెంకకు అంటుకున్న పల్చటి పొర గీకి, ఒక్కో ముక్కనూ పొడిగుడ్డతో తుడవాలి, ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వులనూనె కలిపి జాడీకెత్తి, మూడో రోజు మూత తీసి తిరగకలపాలి. డాలస్ అపార్ట్‌మెంట్‌లో టెంక కొట్టే కత్తి లేదు, జాడీ లేదు, మే నెలలో సెలవూ లేదు. రెండోసారి చదివేసరికి వాడు కిలో ఆర్డరు పెట్టేస్తాడు. మరీ దారుణమేమిటంటే, ఆ పేజీని తెరమీద చూపించకుండా మెయిల్‌కే పంపుతారు, దాంతో దొంగ చిరునామా ఇచ్చినవాడికి ఏమీ దక్కదు.

ఇక ఫారం సంగతి. తీసుకునేవాడు పేరు, మెయిల్ ఐడీ ఇస్తే సరిపోతుంది. మనవారు ఫోన్ నంబరు, పుట్టినరోజు, పెళ్లిరోజు, ఇంటిల్లిపాది సంఖ్య, వార్షికాదాయం కూడా అడుగుతారు. బలి చక్రవర్తిని యాచించిన వామనుడు సైతం మూడడుగులతో ఆగాడు. చెప్పిన పనికి అవసరమైన సమాచారానికే సమ్మతి వర్తిస్తుందని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం అంటున్నది గాని, గోంగూర పంపాలంటే పెళ్లిరోజు తెలియాలా వద్దా అన్నది లోతుగా చర్చించవలసిన విషయం.

మిగిలింది పది శాతం తగ్గింపు కూపన్. దీన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను, ఎందుకంటే ముందురోజు ధర పది శాతం పెంచితే చాలు, కూపన్‌కు దాదాపు ఖర్చే లేదు. దీనికి మరిగినవారు కూపన్ లేనిదే కొనరు కనుక, ‘చివరి అవకాశం’ అనే శీర్షికతో ప్రతి మంగళవారం మెయిల్ పంపుతూ ఉండాలి. నాకు అలా పంపే ఒక దుకాణం ఈ ఆషాఢం నుంచి ‘నిజంగానే చివరి అవకాశం’ అనడం మొదలుపెట్టింది.